రసీదు తీసుకున్నాక: సంఘ సభ్యత్వం, సర్వీసు హక్కులపై ఉపాధ్యాయుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఇంచుమించు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు సంఘంలో చేరాలా వద్దా అని అడుగుతున్నారు. పాతవాళ్ళు చేరి ఏం ఒరిగిందని అడుగుతున్నారు. సర్వీసులో ఉన్నంతకాలం మండల కార్యదర్శిగా, ఆ తర్వాత జిల్లా బాధ్యుడిగా సంఘం పని చేశాను. ఏ సంఘమో ఇక్కడ చెప్పను. యూటీఎఫ్, పీఆర్‌టీయూ, ఎస్‌టీయూ, ఏపీటీఎఫ్, డీటీఎఫ్... ఎవరు చదివినా ఈ శీర్షిక వాళ్ళదే. ఏ సంఘంలోనూ లేనివాళ్ళది మరీను. రాసినవాళ్ళకు ఇబ్బంది రాకుండా పేర్లు తీసేశాం.

ప్రశ్న: మాస్టారూ, మెగా డీఎస్సీలో (ఉపాధ్యాయ నియామక పరీక్ష) ఎంపికై ఎస్‌జీటీగా (ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ టీచరు) చేరాను. చేరిన వారంలోనే మూడు సంఘాలవాళ్ళు సభ్యత్వ రసీదు పుస్తకాలు పట్టుకొని బడికి వచ్చారు. అందరూ పెద్దవాళ్ళు, ఎవరినీ కాదనలేకపోయాను. ప్రొబేషన్‌లో ఉండగా సంఘంలో చేరితే ఇబ్బంది ఉంటుందా? ప్రభుత్వ గుర్తింపు లేని సంఘంలో చేరకూడదని మా హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) గారు అంటున్నారు. మూడింటిలోనూ సభ్యత్వం ఉండొచ్చా?
– ఒక ఎస్‌జీటీ, ప్రకాశం జిల్లా

అమ్మా, ముందు మీ భయం తీరుస్తాను. సంఘం పెట్టుకోవడం, సంఘంలో చేరడం రాజ్యాంగం 19(1)(సి) అధికరణ ఇచ్చిన హక్కు. అందులో ప్రొబేషనరు, రెగ్యులరు అన్న తేడా లేదు. ప్రొబేషన్ డిక్లేర్ చేసేటప్పుడు చూసేది మీ పనిని, మీ నడవడికను. మీ పర్సులో ఎవరి రసీదు ఉందో అడిగే అధికారం హెచ్‌ఎంకూ లేదు, మండల విద్యాధికారి (ఎంఈఓ)కీ లేదు.

గుర్తింపు సంగతి. హెచ్‌ఎం గారు చెప్పినటువంటి నిబంధన ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నిజంగానే ఉండేది. ప్రభుత్వం గుర్తించని సంఘంలో చేరినా తప్పే, గుర్తింపు రద్దయిన సంఘంలో కొనసాగినా తప్పే. ఓ.కె. ఘోష్ కేసులో (ఏఐఆర్ 1963) సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. సంఘంలో చేరే హక్కు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు మీద ఆధారపడదని తేల్చింది. అరవై ఏళ్ళు దాటినా ఆ పాత భయం మన స్టాఫ్ రూముల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

అయితే గుర్తింపుకు విలువ లేదని అనను. గుర్తింపు ఉన్న సంఘాన్ని ప్రభుత్వం చర్చలకు పిలుస్తుంది, జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌లో చోటిస్తుంది. బాధ్యులకు ఓడీ సౌకర్యం (సంఘం పని మీద వెళ్ళినా డ్యూటీగా లెక్కించడం) ఉంటుంది. బదిలీల్లో రాష్ట్ర, జిల్లా బాధ్యులకు ప్రత్యేక పాయింట్లు కూడా దొరుకుతుంటాయి. ఇవన్నీ సంఘానికి, దాని నాయకులకు వచ్చేవి. సభ్యురాలిగా మీ హక్కు వీటివల్ల పెరగదు, తరగదు.

మూడు రసీదులు ఉండటం చట్టం దృష్టిలో తప్పు కాదు. కానీ చాలా సంఘాల నిబంధనావళి రెండో సభ్యత్వాన్ని ఒప్పుకోదు. నా మాట అడిగితే ఒక్కదాంట్లోనే ఉండండి. మూడు చోట్ల పేరున్న మనిషిని మూడు చోట్లా లెక్కలో వేసుకుంటారు, ఏ చోటా మీటింగుకు పిలవరు. ఏ సంఘమో తేల్చుకోవడానికి తొందరపడకండి. సభ్యత్వం ఏటేటా రాసేదే కాబట్టి ఈ ఏడు ఊరికే గమనించండి. మీ మండలంలో ఎవరికైనా జీతం బిల్లు ఆగినప్పుడు ఎస్‌టీఓ (సబ్ ట్రెజరీ) ఆఫీసుకు ఎవరు వెళ్ళారు? మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైలు వెనక్కి వచ్చినప్పుడు అబ్జెక్షన్ చదివి ఏం జతచేయాలో ఎవరు చెప్పారు? మండల మీటింగు నిజంగా జరుగుతోందా, వాట్సాప్‌లో ఫొటోలకే జరుగుతోందా? అందులో ఆడవాళ్ళు మాట్లాడతారా, వెనక వరుసలో కూర్చుంటారా? రాష్ట్ర నాయకుడి ఉపన్యాసం కంటే ఇవే ఎక్కువ చెబుతాయి.

ఇంకొక్క మాట. ఏ సంఘంలోనూ చేరకపోయినా సెలవులు, ఇంక్రిమెంటు, విచారణ లేకుండా పెద్ద శిక్ష పడకుండా ఉండే హక్కు మీకు ఉంటాయి. అవి సర్వీసు నిబంధనలు ఇచ్చినవి. "సంఘంలో లేకపోతే నీ పని ఎవరు చేస్తారు" అని బెదిరించి రసీదు కోసేవాళ్ళుంటే, వాళ్ళ పుస్తకంలో మీ పేరు అసలు పడనివ్వకండి.

ప్రశ్న: హాజరు యాప్‌లో నెట్‌వర్క్ లేక ఒక రోజు ఆలస్యంగా నమోదైంది. ఎంఈఓ గారు మెమో ఇచ్చారు, మూడు రోజుల్లో సంజాయిషీ అడిగారు. మా సంఘం మండల బాధ్యుడికి చెబితే "నేను మాట్లాడతాలే, ఏం రాయకు" అన్నారు. వారం దాటింది. ఇప్పుడు జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు నుంచి రెండో మెమో వచ్చింది. సంఘంలో పదేళ్ళ సభ్యుణ్ణి. నాకు ఈ సభ్యత్వం ఎందుకు?
– ఒక స్కూల్ అసిస్టెంటు (పై తరగతుల టీచరు), శ్రీకాకుళం జిల్లా

మీ కోపం న్యాయమే. మెమోకు జవాబు రాయొద్దని సలహా ఇచ్చే నాయకుడు మీకు మేలు చేయలేదు. నోటిమాటతో సర్దుబాటు అయినా కావచ్చు, కాకపోవచ్చు. కాకపోతే ఫైలులో మిగిలేది ఒక్క వాక్యం: "సంజాయిషీ ఇవ్వలేదు." ఆ వాక్యానికి సాక్షులు అక్కర్లేదు. సంఘం ఎంత పెద్దదైనా ఆఫీసులో కదిలేది ఫైలే, ఫైలులో మీ మాట ఉండాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మొదటి మెమోకూ, రెండో మెమోకూ కలిపి ఈ రోజే జవాబు రాయండి. ఎలా రాయాలో ఒక అనుభవంతో చెప్పనివ్వండి. ఇలాంటి చిక్కులోనే ఒక తెలుగు పండిట్ గారు నా దగ్గరికి వచ్చారు. నాలుగు పేజీల జవాబు రాసుకొచ్చారు, అక్షరాలు ముత్యాలు. అందులో మొదటి పేజీ తన ఇరవై ఏళ్ళ సేవ, రెండో పేజీ ఎంఈఓ గారి కక్ష, మూడో పేజీ తన ఇంట్లో కష్టాలు. ఆఖరి వాక్యం "నా తప్పును పెద్ద మనసుతో మన్నించగలరు." ఆ రోజు ఆయన బడికి వేళకే వచ్చారు. మరి ఏ తప్పు మన్నించమంటున్నారు? ఆ ఒక్క మాట కాగితం మీదకు వెళ్తే నేరం ఒప్పుకున్నట్టే. ఇద్దరం కూర్చొని ఆ నాలుగు పేజీలనూ ఒక పేజీకి తెచ్చాం. పైన మెమో నంబరు, తేదీ, తనకు అది అందిన తేదీ. కింద అంకెలు వేసి వాస్తవాలు: ఆ రోజు బడికి ఎన్ని గంటలకు వచ్చారు, హాజరు రిజిస్టరులో సంతకం ఏ వరుసలో ఉంది, మొదటి పీరియడ్ ఏ తరగతికి చెప్పారు. జతచేసినవి: రిజిస్టరు పేజీ నకలు, హెచ్‌ఎం గారు రాసిచ్చిన రెండు వాక్యాలు. చివర "పై వాస్తవాల దృష్ట్యా తదుపరి చర్యలు విరమించవలసిందిగా కోరుతున్నాను." ఎవరి మీదా ఒక్క విశేషణం లేదు. కక్ష నిజమే అయినా మొదటి జవాబులో దానికి చోటు లేదు. అప్పీలు దాకా వెళ్తే అప్పుడు ఆధారాలతో రాసుకోవచ్చు.

మీ విషయంలో యాప్ ఎర్రర్ చూపించిన స్క్రీన్‌షాట్ ఉంటే ప్రింటు తీసి పెట్టండి. అదే రోజు మీ బడిలో ఇంకెవరికైనా ఆలస్యంగా నమోదైతే ఆ సంగతీ రాయండి. జవాబును త్రూ ప్రాపర్ ఛానల్ (మీ పై అధికారుల ద్వారా) పంపండి, అడ్వాన్స్ కాపీ డీఈఓ ఆఫీసు ఇన్‌వార్డులో మీరే ఇచ్చి రండి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్ళు ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సంఘం రసీదు కంటే జాగ్రత్తగా దాచాల్సిన రసీదు అది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోండి. సంజాయిషీ అడిగే మెమో వేరు, చార్జిమెమో వేరు. 1991 నాటి సీసీఏ (ఉద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనలే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ఆధారం. పెద్ద శిక్ష వేయాలంటే 20వ నిబంధన ప్రకారం చార్జిమెమో ఇవ్వాలి. అందులో ఆరోపణలు, వాటికి ఆధారమైన పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఉండాలి. మీరు ఆరోపణ కాదంటే విచారణాధికారిని వేయాలి. ఆ విచారణలో మీ తరఫున ఇంకో ప్రభుత్వోద్యోగిని సహాయకుడిగా తీసుకెళ్ళవచ్చు. సంఘం అసలు ఉపయోగపడే చోటు ఇది. ఫైళ్ళు చదవడం వచ్చిన, సాక్షిని ప్రశ్నించడం తెలిసిన సీనియర్ మీ పక్కన కూర్చుంటే విచారణ నడిచే తీరే మారిపోతుంది. మీ జిల్లా కమిటీని ఈ సాయం రాతపూర్వకంగా అడగండి. వాళ్ళ దగ్గర అలాంటి మనిషి లేకపోతే, తయారుచేయమని మహాసభలో తీర్మానం పెట్టండి.

చిన్న శిక్షలకు 22వ నిబంధన. అక్కడ పూర్తి విచారణ తప్పనిసరి కాదు, మీ రాతపూర్వక జవాబే మీకున్న ఆయుధం. ఇంక్రిమెంటు ఆపడంలోనూ రెండు రకాలున్నాయి. క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా (ఆ కోత తర్వాతి ఏళ్ళకూ కొనసాగకుండా) ఆపితే చిన్న శిక్ష. క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపితే ఆ నష్టం రిటైరయ్యాక పెన్షన్ దాకా వెంట వస్తుంది. అది పెద్ద శిక్షేనని, విచారణ లేకుండా వేయకూడదని కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర్వు చేతికొస్తే ముందు ఆ రెండు మాటల కోసం వెతకండి.

సస్పెన్షన్ దాకా వెళ్తుందేమోనని ఉత్తరం చివర రాశారు. సస్పెన్షన్ శిక్ష కాదు. ఆ కాలంలో సగం జీతపు సెలవు జీతానికి సమానమైన జీవనభృతి, దాని మీద డీఏ ఇవ్వాలి. వేరే ఉద్యోగం చేయడం లేదని మీరు ధ్రువపత్రం ఇస్తూ ఉండాలి. మూడు నెలల్లోపు చార్జిమెమో ఇవ్వకుండా సస్పెన్షన్‌ను సాగదీయకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కానీ ఒక రోజు యాప్ ఆలస్యానికి అంతదూరం పోదు. ధైర్యంగా రాయండి.

ప్రశ్న: సంఘం ధర్నాకు రమ్మంటే వెళ్ళొచ్చా? సమ్మె చేస్తే ఉద్యోగం పోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక ఎస్‌జీటీ, నల్గొండ జిల్లా

ధర్నా, సమ్మె ఒకటి కాదు. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో, ఏ రకమైన ప్రదర్శనా చేయకూడదన్న బిహార్ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. శాంతియుతంగా, పద్ధతిగా చేసే ప్రదర్శన భావప్రకటనలో భాగమని అంది. అదే తీర్పులో సమ్మెకు ప్రాథమిక హక్కు లేదనీ చెప్పింది. 2003లో తమిళనాడు ఉద్యోగుల సమ్మె మీద వచ్చిన రంగరాజన్ కేసులో ఇంకా కటువుగా, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు ఏ విధంగానూ లేదంది. మన ప్రవర్తనా నియమాలు (1964) కూడా సమ్మెను నిషేధిస్తాయి. ఆ తీర్పు నాకు నచ్చదు. పనిచేసేవాడికి చివరి మార్గం మూసేస్తే అడిగిన ప్రతిదానికీ "చూద్దాం" అనే జవాబే వస్తుంది. అయినా చట్టం ప్రస్తుతం అలా ఉందని తెలిసే మీరు నిర్ణయం తీసుకోవాలి.

ఆచరణలో చూస్తే, బడివేళల తర్వాతో, సెలవు రోజునో, ముందుగా మంజూరైన సీఎల్ (క్యాజువల్ సెలవు) మీదో ధర్నాకు వెళ్ళడంలో తప్పు లేదు. బడి మొత్తం ఒకే రోజు సీఎల్ పెడితే అధికారి దాన్ని సమ్మె కింద లెక్కగట్టి, సెలవు నిరాకరించి, ఆ రోజు జీతం కోయొచ్చు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్‌సీ (వేతన సవరణ) మీద జరిగిన చలో విజయవాడ గుర్తుందా? దారి పొడవునా ఆంక్షలున్నా అన్ని సంఘాలవాళ్ళూ కలిసి వేలాదిగా వచ్చారు. మండలానికి ఇద్దరు వెళ్తే ఇద్దరికీ మెమోలు వస్తాయి. అందరూ వెళ్ళినప్పుడు ప్రభుత్వం చర్చలకు పిలుస్తుంది. సంఖ్య ఇచ్చే రక్షణ అది.

ప్రశ్న: ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్ళు పనిచేశాను. విద్యాసంవత్సరం మధ్యలో "రేపటి నుంచి రావద్దు" అన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. లేబర్ ఆఫీసుకు వెళ్తే టీచర్లు తమ పరిధిలోకి రారన్నారు. మాకు సంఘం లేదు. ఏం చేయాలి మాస్టారూ?
– ఒక ఉపాధ్యాయిని, పశ్చిమ గోదావరి జిల్లా

ఈ ఉత్తరం చదివి చాలాసేపు మనసు బాగాలేదు తల్లీ. మనలో ఎక్కువమంది సంఘమంటే ప్రభుత్వ టీచర్ల సంఘమనే అనుకుంటాం. వందల పీరియడ్లు చెప్పి, వేసవి జీతం లేకుండా, ఒక్క కాగితం చేతిలో లేకుండా ఇంటికెళ్ళేవాళ్ళు మన పక్క వీధిలోనే ఉన్నారు.

లేబర్ ఆఫీసులో చెప్పింది సగం నిజం. 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయులు "వర్క్‌మన్" (కార్మికులు) కారని తేల్చింది. గోవాలో ఉద్యోగం పోయిన ఒక టీచరమ్మ వేసిన కేసు అది. ఆ తలుపు అక్కడితో మూసుకుంది. ఐతే అదే తీర్పులో ఇలా తొలగించిన ఉపాధ్యాయులకు రక్షణ కల్పించే చట్టం రాష్ట్రాలు తేవాలని కోర్టు ఆశించింది. మనకు అప్పటికే 1982 విద్యాచట్టం ఉంది. దాని 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో ఉపాధ్యాయుణ్ణి తొలగించాలంటే ఆరోపణలు తెలియజేయాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చి విచారణ జరపాలి. 80వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. "రేపటి నుంచి రావద్దు" అన్న మాట ఆ సెక్షన్ ముందు నిలవదు. డీఈఓకు రాయండి. చేరిన తేదీ, చెప్పిన తరగతులు, ఆపేసిన తేదీ రాసి, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, పాత ఐడీ కార్డు, మీ పేరున్న టైంటేబులు ఫొటో జతచేయండి. అపాయింట్‌మెంట్ ఆర్డరు లేని మీబోటి వాళ్ళకు ఇవే రుజువులు.

1994 జనవరి 1న వచ్చిన జీఓ నంబరు 1 కూడా చదివించుకోండి. ప్రైవేటు బడి ఆదాయంలో 50 శాతం సిబ్బంది జీతాలకు, 15 శాతం గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, గ్రూపు ఇన్సూరెన్సులకు యాజమాన్య వాటాగా పోవాలని అందులో ఉంది. అమలు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అడిగేవాళ్ళుంటేనే అధికారి ఆ లెక్క తెప్పించుకుంటాడు.

గ్రాట్యుటీ మీ హక్కు. ఇందులో సందేహమే లేదు. ఉపాధ్యాయులను అప్పటి గ్రాట్యుటీ చట్టంలోకి తెస్తూ 2009లో సవరణ చేశారు, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా. యాజమాన్యాల సంఘం కోర్టుకెళ్ళింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని తేల్చేసింది. లెక్క సులువు: చివరి నెల మూలవేతనం, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన సంవత్సరాలతో గుణించాలి. మీ జీతం 13,000 అనుకుంటే 26తో భాగిస్తే 500. పదిహేనుతో గుణిస్తే 7,500. పదకొండేళ్ళకు 82,500 రూపాయలు. యాజమాన్యానికి దరఖాస్తు ఇవ్వండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే అప్పుడు వెళ్ళాల్సింది ఆ లేబర్ డిపార్టుమెంటుకే, గ్రాట్యుటీ అధికారి దగ్గరికి. "టీచర్లు మా పరిధిలోకి రారు" అని ఈసారి అనలేరు.

సర్టిఫికెట్లు మీ సొంతం. ఉద్యోగంలో నిలబెట్టడానికి వాటిని తాకట్టులా అట్టిపెట్టుకునే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. ముందు స్పీడ్ పోస్టులో అడగండి, గడువు పెట్టండి, ఇవ్వకపోతే అదే కాగితంతో పోలీసు ఫిర్యాదు. ఒంటరిగా వెళ్ళకండి.

సంఘం లేదన్నారు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. మీ బడిలోనే ఏడుగురు దొరకనక్కర్లేదు, మీ పట్టణంలోని నాలుగైదు బడుల నుంచి దొరికినా చాలు. ఇది చదివే ప్రభుత్వ ఉపాధ్యాయ సంఘాల జిల్లా బాధ్యులకు ఒక విన్నపం: మీ ఆఫీసులో నెలకో ఆదివారం సాయంత్రం వీళ్ళకు కుర్చీలు వేయండి. దరఖాస్తు రాయడం నేర్పండి. వీళ్ళ జీతం ఎంత తక్కువుంటే "ప్రైవేటులో ఇంతకే చేస్తున్నారు కదా" అని మన పీఆర్‌సీ చర్చల్లో మనకు అంత బలంగా వినిపిస్తారు.

ప్రశ్న: ఓటర్ల జాబితా పని, సర్వేలు, మరుగుదొడ్ల ఫొటోలు... పాఠం చెప్పే సమయం ఎక్కడుంది? కాదనే హక్కు ఉందా?
– ఒక హెచ్‌ఎం, అనంతపురం జిల్లా

విద్యాహక్కు చట్టం (2009) 27వ సెక్షన్ మూడింటినే మినహాయించింది: పదేళ్ళకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, స్థానిక సంస్థలు, శాసనసభ, పార్లమెంటు ఎన్నికల విధులు. ఇవి తప్ప మిగతా బోధనేతర పనికి ఉపాధ్యాయుణ్ణి వేయకూడదు. ఓటర్ల జాబితా సవరణ మీద సెయింట్ మేరీస్ స్కూలు కేసులో 2007లోనే సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. ఆ పని సెలవు రోజుల్లో, బోధన లేని వేళల్లో చేయించాలి. మామూలుగా బడి పనిరోజున, తరగతి వేళలో వేయకూడదు.

ఎదురు తిరిగి మానేయమని నేను చెప్పను. ఉత్తర్వు రాతలో అడగండి. ఫోన్లో, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఆదేశానికీ "లిఖితపూర్వకంగా ఇస్తే పాటిస్తాను, ఇన్ని పీరియడ్లు పోతాయి" అని జవాబు పెట్టండి. పోయిన పీరియడ్లను టీచర్స్ డైరీలో రాయండి. అదే చట్టం షెడ్యూలు ప్రకారం 1–5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. 6–8 తరగతులకు 220 రోజులు, 1,000 గంటలు. టీచరు పని వారానికి కనీసం 45 గంటలు, పాఠం తయారీ సమయంతో కలిపి. తయారీ కూడా పనేనని చట్టమే ఒప్పుకుంది. మండలంలో అన్ని బడుల డైరీలూ కలిపి సంఘం లెక్క తీస్తే, ఆ ఒక్క కాగితం వంద వినతిపత్రాల పెట్టు.

ప్రశ్న: కేజీబీవీలో (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం) కాంట్రాక్టు టీచర్ని. ఒక అధికారి వచ్చినప్పుడల్లా అసభ్యంగా మాట్లాడుతున్నాడు. కాంట్రాక్టు వాళ్ళం కాబట్టి ఫిర్యాదు చెల్లదంటున్నారు. రెగ్యులర్ సంఘం మమ్మల్ని చేర్చుకోదు.
– పేరు, ఊరు వద్దన్నారు

చెల్లుతుంది. పనిచోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టంలో ఉద్యోగిని అంటే రెగ్యులరు, కాంట్రాక్టు, తాత్కాలికం, రోజుకూలీ అందరూ వస్తారు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగమైనా మహిళలు ఉండాలి. పదిమంది కంటే తక్కువుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళాలి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టే, అప్పుడు పక్కన ఉన్నవాళ్ళు... ఇవి ఈ రాత్రికే ఒక నోటుబుక్కులో రాసుకోండి. విచారణ జరుగుతుండగా బదిలీ లేదా మూడు నెలల వరకు అదనపు సెలవు అడిగే వీలు చట్టంలో ఉంది.

కాంట్రాక్టు వాళ్ళను చేర్చుకోని సంఘాలు తమ నిబంధనావళి మార్చుకోవాలి. ఒకే బోర్డు మీద రాసేవాళ్ళను ఆర్డరు రకం చూసి విడదీయడం సంఘం పేరుకు తగదు. మీ జిల్లాలో మిమ్మల్ని చేర్చుకునే సంఘాల మహిళా విభాగం వివరాలు విడిగా పంపాను.

ప్రశ్న: ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఎస్‌జీటీలకు ఓటెందుకు లేదు? మేం ఉపాధ్యాయులం కామా?
– ఒక ఎస్‌జీటీ, కరీంనగర్ జిల్లా

రాజ్యాంగం 171(3)(సి) అధికరణలో సెకండరీ స్థాయికి తక్కువ కాని సంస్థల్లో కనీసం మూడేళ్ళు బోధిస్తున్నవాళ్ళు అని ఉంది. ప్రాథమిక పాఠశాల ఆ గీతకు అవతల పడిపోయింది. మార్చాలంటే రాజ్యాంగ సవరణే దారి. అక్షరం నేర్పేవాళ్ళకు ఓటు లేకపోవడం అన్యాయమేనని నా అభిప్రాయం. మీ సంఘం ఎమ్మెల్సీ అభ్యర్థిని నిలబెట్టేటప్పుడు ఈ డిమాండు ఆయన మేనిఫెస్టోలో ఉందో లేదో అడగండి. ప్రచారానికి మాత్రం ఎస్‌జీటీలనే పిలుస్తారు కదా.

ప్రశ్న: మా సంఘం జిల్లా శాఖ లెక్కలు కొన్నేళ్ళుగా చదవలేదు. అడిగితే "నమ్మకం లేదా" అంటున్నారు. సభ్యుడిగా నాకేం హక్కుంది?
– ఒక స్కూల్ అసిస్టెంటు, చిత్తూరు జిల్లా

నమ్మకానికీ లెక్కకూ పోటీ పెట్టడం తప్పించుకునేవాళ్ళ పద్ధతి. చందా మీది, కాబట్టి లెక్క అడగడం మీ హక్కు. ముందు మీ సంఘం నిబంధనావళి ప్రతి అడిగి తీసుకోండి. చందాలో మండలానికి, జిల్లాకు, రాష్ట్రానికి ఎంతెంత వాటా, సర్వసభ్య సమావేశం ఎప్పుడెప్పుడు జరగాలి, ఆడిటర్‌ను ఎవరు ఎన్నుకోవాలి, ఎంతమంది సభ్యులు సంతకం చేస్తే ప్రత్యేక సమావేశం పిలవాలి అన్నవి అందులో ఉంటాయి. సొసైటీగా రిజిస్టరైతే ఏటా లెక్కలు, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఆ నకళ్ళు మీరూ తీసుకోవచ్చు.

మీటింగులో గొడవ పెట్టుకోకండి. నాలుగైదు మండలాల నుంచి నిబంధనావళి అడిగినంతమంది సంతకాలతో జిల్లా ప్రధాన కార్యదర్శికి ఉత్తరం ఇవ్వండి. అజెండాలో "జమాఖర్చుల నివేదిక" అన్న ఒక్క అంశం కోరండి. ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. సంఘం కూడా మీకు ఒక ఆఫీసే, అక్కడా మీ కాగితం ఫైలులో ఉండాలి. లెక్కలు బాగుంటే అందరి ముందూ చప్పట్లు కొట్టండి, బాగాలేకపోతే ఎన్నికలు వస్తాయి. ఆ ఎన్నికల్లో మీరే నామినేషన్ వేయండి. ప్రశ్న అడిగినవాడు బాధ్యత తీసుకుంటానన్నప్పుడు సభ్యులు వింటారు. ఈ ఏడు సభ్యత్వం రసీదు తీసుకునేటప్పుడు నిబంధనావళి ప్రతి కూడా దాంతోపాటే అడిగి తీసుకోండి.